మెదడు బొమ్మ వెనుక నేర్పు

బందరు పక్కన పెడనలో కలంకారీ అద్దేవారు రంగు రంగుకూ వేరే అచ్చు వేస్తారు. అచ్చు వెంట్రుకవాసి జరిగినా పువ్వు చెదురుతుంది. మెదడు చిత్రాల పరిశోధకులదీ అదే నేర్పు. స్కానర్‌లో తల కాస్త కదిలితే వందల చిత్రాలను మళ్లీ ఒకదానిపై ఒకటి అమర్చాలి. మెదడులో పనిచేసిన భాగానికి రక్త ప్రవాహం పతాకస్థాయికి చేరడానికి ఐదారు సెకన్లు పడుతుంది. ప్రయోగంలో ప్రతి ప్రశ్ననూ ఆ లెక్క చూసుకునే పేర్చాలి.

గణాంకాల్లో దిద్దుబాటు మరిస్తే చచ్చిన సాల్మన్ చేప మెదడూ ‘ఆలోచిస్తుంది’. 2009లో అమెరికా పరిశోధకులు స్కాన్ చేసి మరీ ఇది చూపారు.

పాశ్చాత్యుల మెదడు నమూనాలు మన మెదళ్లకు సరిగా అమరవని హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ 2019లో వందమంది భారతీయుల స్కాన్లతో మెదడు అట్లాస్ రూపొందించింది.

తాము ఆశించిన ఫలితాన్నే ముందుగా అనుమానించే ఈ పరిశోధకుల నిజాయితీకి నా నమస్కారం. గుడివాడ, దివిసీమ పిల్లలు ఈ విద్యలోకి రావాలి.