తుఫాను కోసం కాచుకున్న కెమెరా

ఐర్లండ్ పడమటి తీరంలో కొన్నిచోట్ల ఏడాదికి సుమారు 225 రోజులు వాన పడుతుంది. తడవడం ఒక్కటే అయితే గొడుగుతో పోయేది. సినిమావాళ్లకు అసలు చిక్కు వెలుతురుతో. అట్లాంటిక్ మీంచి నైరుతి గాలి మబ్బుల్ని తోసుకొస్తూనే ఉంటుంది. నటుడు డైలాగు మొదలుపెట్టినప్పుడు ఎండ, ముగించేసరికి ముసురు. ఆ రెండు ముక్కల్నీ ఎడిటింగులో పక్కపక్కన అతికిస్తే ప్రేక్షకుడి కంటికి ఇట్టే దొరికిపోతుంది.

1951 వేసవిలో జాన్ ఫోర్డ్ మేయో కౌంటీలోని కాంగ్ అనే ఊళ్లో 'ద క్వయట్ మ్యాన్' తీశాడు. అప్పటి టెక్నికలర్ అనే రంగుల పద్ధతికి వెలుతురు దండిగా కావాలి, అక్కడి ఆకాశమేమో ఇవ్వదు. ఛాయాగ్రాహకుడు వింటన్ హోక్ సన్నివేశాలకు మూడు రకాల లైటింగ్ ఆలోచించి పెట్టుకోవలసి వచ్చింది: ఎండకొకటి, మబ్బుకొకటి, వానకొకటి. ఆ పనికి ఆయనకూ ఆర్చీ స్టౌట్‌కూ ఆస్కార్ వచ్చింది. ఆ సినిమాలోని పచ్చదనం చూసి మురిసిపోతాం గానీ, దాని వెనక ఎంత ఓపిక ఉందో మనకు తట్టదు.

బయట కుదరని రోజున లోపల తీసుకోవడానికి ఒక ఇంటి సన్నివేశాన్ని అట్టే పెట్టుకోవడం మామూలు జాగ్రత్త. 1958లో బ్రే అనే ఊళ్లో ఆర్డ్‌మోర్ స్టూడియో వెలిశాక దానికి దేశంలోనే చోటు దొరికింది. ఇంకో విచిత్రం, వాన కెమెరాకు సులువుగా కనబడదు. సన్నటి తుంపర మెరవాలంటే దాని వెనక నుంచి దీపం వెయ్యాలి.

ఈ విద్యకంతటికీ శిఖరం డేవిడ్ లీన్ తీసిన 'ర్యాన్స్ డాటర్' (1970). డింగిల్ ద్వీపకల్పంలో రాతితో ఏకంగా ఒక ఊరే కట్టించాడాయన. కథలో తుఫాను రాత్రి ఆయుధాలు ఒడ్డుకు కొట్టుకొస్తాయి, ఊరి జనం అలల్లోకి దిగి వాటిని లాగాలి. లీన్‌కి నిజం తుఫానే కావాలి. దాని కోసం నెలల తరబడి కాచుకుని, క్లేర్ కౌంటీలో బ్రిడ్జెస్ ఆఫ్ రాస్ దగ్గర రాళ్ల మీద కెమెరా నిలిపారు. అక్కడ నిలదొక్కుకోవడం ఒక ఎత్తు, లెన్స్ మీద నీళ్లు నిలవకుండా చూడడం ఒక ఎత్తు. ఒక్క చుక్క పడితే దృశ్యమంతా మసక. ఛాయాగ్రాహకుడు ఫ్రెడ్డీ యంగ్ ఓడల్లో వాడే ఉపాయాన్ని అరువు తెచ్చాడు. లెన్స్ ముందు ఒక గుండ్రటి అద్దం బిళ్ల గిర్రున తిరుగుతూ, పడ్డ చుక్కను పడ్డట్టే అంచుకు విసిరేస్తుంది.

అంత పట్టుదల గల లీన్ కూడా ఒకచోట తగ్గాడు. చలికాలంలో ఎండ దొరక్క కొన్ని తీరపు సన్నివేశాల్ని దక్షిణాఫ్రికాలో తీశాడు. నా కంటికి ఆ వెలుతురు పరాయిదే.

ఇవాళ ఆకాశాన్ని కంప్యూటర్లో మార్చేయవచ్చు. అయినా 2022 నాటి 'ద బాన్షీస్ ఆఫ్ ఇనిషెరిన్' బృందం ఆ పడమటి తీరంలోని ఇనిష్‌మోర్, ఆకిల్ దీవులకే వెళ్లింది. సరైన నిర్ణయం. ఇక 'ర్యాన్స్ డాటర్' మూడు గంటలు దాటిన సినిమా. అంత తీరిక లేకపోతే, తుఫాను ఘట్టమైనా సరే, దొరికినంత పెద్ద తెర మీద చూడండి.