రాత్రి చల్లబడితేనే మొలక

క్లియోమ్ గింజలు మొలవకపోతే చాలామంది ప్యాకెట్‌ను తిట్టుకుంటారు. నేను మాత్రం ముందు ట్రే ఎక్కడ పెట్టారని అడుగుతాను. పగలూ రాత్రీ ఒకే వెచ్చదనం ఉండే గదిలో అంటే సగం సంగతి తేలిపోయినట్టే. ఈ గింజకు పగటి ఎండ ఎంత అవసరమో, రాత్రి చల్లదనమూ అంతే అవసరం. పగలు 30 డిగ్రీలు, రాత్రి 20 దగ్గర ఉంటే హాయిగా మొలుస్తుంది. హైదరాబాద్‌లో ఫిబ్రవరి అలాంటి నెలే. అందుకే నా ట్రే డాబా మీదే ఉంటుంది.

దక్షిణ అమెరికా నుంచి తోటలకెక్కిన మొక్క ఇది. మన చేలగట్ల మీది వామింట, పసుపు పూల కుక్కవామింట దీని చుట్టాలే. ఆ పొడవాటి కాయలు, పిల్లి మీసాల్లా బయటికి సాగిన కేసరాలు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. వామింటాకు కూర మనకు తెలిసిందే, కెన్యాలో అయితే దాన్ని సాగుచేసి సంతల్లో అమ్ముతారు. ఆ వామింట గింజా రాలిన వెంటనే మొలవదు, కొన్ని నెలలు నిద్రపోతుంది. అదను చూసుకుని లేవడం ఈ కుటుంబానికే ఉన్న తెలివి. ఆ తెలివంటే నాకు గౌరవం.

ఇసుక, కంపోస్టు కలిపిన మట్టిని తడిపి, గింజలు పైన చల్లి, అరచేత్తో అదిమితే చాలు. లోతుగా పూడ్చవద్దు. పది రోజుల నుంచి రెండు వారాల్లో మొలకలు కనిపిస్తాయి. తల్లివేరు లోతుకు దిగే మొక్క కాబట్టి, నాలుగాకులు రాగానే వేరు కదలకుండా అడుగున్నర ఎడంతో నాటేయాలి. ముదిరాక పీకి నాటితే కోలుకోదు. ఎండ నిండా తగిలే చోట నాలుగడుగులు లేస్తుంది. కాడకు ముళ్లుంటాయి, ఆకు జిగట, వాసన ఘాటు. నడిచే దారి పక్కన మాత్రం వద్దు.

సాయంత్రం పూట విచ్చుకునే ఆ గులాబీ, తెలుపు గుత్తుల కోసం ఈ శ్రమంతా పడవచ్చు. కొసన పూలు పూస్తుండగానే కింద కాయలు ముదురుతాయి. పసుపు తిరిగిన కాయలను పగలకముందే కోసి, నీడన ఆరబెట్టి, కాగితం పొట్లంలో కట్టండి. పొరుగింటికీ ఒక పొట్లం ఇవ్వండి. ఇచ్చేటప్పుడు ట్రే ఆరుబయట పెట్టమని మరిచిపోకుండా చెప్పండి.