స్వరలిపి ప్రోగ్రాములు - తోడి గాంధారము

తోడి రాగములోని ఒక వర్ణమును మ్యూజ్‌స్కోర్ అను కంప్యూటరు ప్రోగ్రాములో స్వరము వెంట స్వరముగా ఎక్కించి, వినిపించు మీటను నొక్కినచో, యంత్రము వెంటనే వాయించి చూపును. తాళము తప్పదు. ఒక్క స్వరమైనను జారదు. అయినను వినువారికి అది తోడి వలె తోచదు. శుద్ధ రిషభము, సాధారణ గాంధారము, శుద్ధ మధ్యమము, అన్నియు సరిగానే ఉన్నవి. కాని హిందూస్థానీ పద్ధతిలోని భైరవి మేళమునకును ఇవే స్వరములు. తోడిని తోడిగా చేయునది గాంధారము యొక్క ఊపు. గాయకుని కంఠమున అది ఒకచోట నిలువక రిషభ మధ్యమముల నడుమ ఊగుచుండును. యంత్రము దానిని తెచ్చి ఒక గడిలో కూర్చుండబెట్టినది.

ఇందుకు కారణము ప్రోగ్రాము నిర్మించినవారి అశ్రద్ధ కాదు. మ్యూజ్‌స్కోర్ పాశ్చాత్యుల అయిదు గీతల లిపికై పుట్టినది. ఇట్టి ప్రోగ్రాములు స్వరములను వాయించుటకు వాడు మిడి అను సంకేత పద్ధతి 1983లో ఏర్పడినది. అందు ప్రతి స్వరమునకు పియానో మెట్ల లెక్కన ఒక సంఖ్య. స్థాయిని 12 సమాన భాగములు చేసి, భాగమునకు 100 సెంట్ల చొప్పున మొత్తము 1200 సెంట్లుగా లెక్కింతురు. దీని ప్రకారము అంతర గాంధారము షడ్జమునకు 400 సెంట్ల ఎత్తున ఉండును. తంబురాతో ఒదిగి పలుకు గాంధారమో, షడ్జమునకు 5/4 నిష్పత్తిలో, అనగా 386 సెంట్ల వద్ద ఉండును. తేడా 14 సెంట్లే గదా అనిపించవచ్చును. షడ్జము సెకనుకు 140 కంపనములు అనుకొందుము. తంబురా నాదములో దానికి అయిదు రెట్లయిన అనుస్వరము 700 కంపనములు. యంత్రము పలికించు గాంధారమునకు నాలుగు రెట్లయిన అనుస్వరము దాదాపు 705.6. ఈ రెండును కలిసినపుడు సెకనుకు అయిదారు విస్పందనములు పుట్టి, శ్రుతి చెదరినట్లు చెవికి తగులును. ఏ స్వరమును ఎన్ని సెంట్లు దించవలెనో పెంచవలెనో తెలుపుటకు ప్రోగ్రాములో ఒక గడి కలదు. అంతర గాంధారమునకు అందు 14 తగ్గించిన చాలవరకు సర్దుకొనును. కాని ఈ వసతి నిలుకడగా నిలుచు స్వరములకే పనికివచ్చును. తోడి గాంధారమునకు ఏ ఒక్క సంఖ్యయు చాలదు.

ఈ చిక్కు కంప్యూటరుతో వచ్చినది కాదు. 19వ శతాబ్దము చివర మద్రాసులో చిన్నస్వామి మొదలియారు కర్ణాటక కృతులను అయిదు గీతల లిపిలోనికి ఎక్కించుటకు చాల శ్రమపడెను. ఆయన ప్రోత్సాహమును అందుకొన్న సుబ్బరామ దీక్షితులు వేరొక త్రోవ త్రొక్కెను. 1904లో ఎట్టయపురమున అచ్చయిన ఆయన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ తెలుగు లిపిలో ఉన్నది. అందు స్వరాక్షరములకు తోడుగా కంపితము, స్ఫురితము, నొక్కు, రవ, జారు మొదలైన గమకములకు వేరువేరు గుర్తులు కలవు. ఇచట స్వరమును ఊపవలెనని గుర్తు చెప్పును. ఎంత ఊపవలెనో గురుముఖమున తెలిసికొనవలసినదే. కాగితము మాటాడదు గనుక చదువరి ఆ కొరతను ఎరిగియే ఉండును. మ్యూజ్‌స్కోర్ మాటాడును. ఇంటిలో గురువు లేక తెర ఎదుట కూర్చుండి నేర్చుకొను పిల్లవాడు అది పలికినదే తోడి యని నమ్మును. అచ్చు పుస్తకము చేయని అపకారము ఇది.

ఇంత చెప్పినను, వ్రాత పనికి ఆ ప్రోగ్రాము మంచిదే, పైగా ఉచితము. మాయామాళవగౌళకు పాశ్చాత్య సంకేతములలో సరిపడునది దొరకదు. శుద్ధ రిషభ ధైవతములకు మాత్రమే కోమల చిహ్నములు ఉంచి కొత్త సంకేతమును కల్పించుకొను వీలు అందు కలదు. ఆది తాళమును 8 అక్షరముల ఆవర్తముగా వ్రాసి 4, 2, 2 వద్ద గీతలు గీసికొనవలెను. మిశ్ర చాపును 3, 4గా విడదీయవలెను. సాహిత్యమును స్వరముల క్రింద తెలుగు అక్షరములతోనే టైపు చేయవచ్చును. వినిపించు మీటను తాళమును సరిచూచుకొనుటకు వాడిన చాలును. రాగమును వినుటకు దానిని నొక్కకుండుట మేలు.

రాగమును చూడవలెనన్నచో, వ్రాసినదానిని కాక పాడినదానిని పరీక్షించు ప్రోగ్రాములు వేరుగా కలవు. 2000లో వెలువడిన ఆడాసిటీ ధ్వనిని ముద్రించుటకును, కత్తిరించుటకును. లండనులోని క్వీన్ మేరీ విశ్వవిద్యాలయమున తయారైన సోనిక్ విజువలైజర్, ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయమువారి ప్రాట్, ఇవి ధ్వనిని కొలుచుటకు. ప్రాట్ మాటల ఉచ్చారణను పరిశీలించుటకు చేసినది. డచ్చి భాషలో ఆ పేరునకు అర్థమే ‘మాటాడు’ అని. పాటకును అది బాగుగనే పనిచేయును.

ఈ కొలతలోను ఒక మెలిక ఉన్నది. దానిని ఎరుగనివారు తెరమీది బొమ్మను చూచి లేనిపోని సిద్ధాంతములు చేయుదురు. సెకనుకు 44,100 నమూనాల చొప్పున ముద్రించిన పాటను ప్రోగ్రాము తునకలు తునకలుగా తీసికొని అందలి కంపనములను విడదీయును. తునకకు 2048 నమూనాలైనచో దాని నిడివి సెకనులో 46 వేయవ వంతులు. అపుడు సుమారు 21 కంపనములకంటె దగ్గరగా ఉన్న రెండు స్వరములు ఒకటిగా అలుకుకొనిపోవును. 140 కంపనముల షడ్జమునకును, దాని శుద్ధ రిషభమునకును ఎడము 9 కంపనములు మాత్రమే. పోనీ తునకను 16,384 నమూనాలకు పెంచినచో మూడు కంపనముల తేడాయు కనబడును; కాని ఆ తునక సెకనులో మూడవ వంతు మించిపోవును. సెకనుకు నాలుగైదు మారులు ఊగు గమకము అందులో కరిగి, దళసరి గీతగా మారును. సూక్ష్మముగా స్వరమును చూడబోయిన కాలము చెడును, కాలమును పట్టబోయిన స్వరము చెడును. ఇది ప్రోగ్రాము లోపము కాదు, తరంగముల స్వభావమే అట్టిది.

దీనికి ఒక ఉపాయము కలదు. క్రింది గీతను విడిచి, ఎనిమిది రెట్లయిన అనుస్వరపు గీతను చూడవలెను. అచట షడ్జ రిషభముల ఎడము సుమారు 75 కంపనములు. చిన్న తునకతోనే రెండును స్పష్టముగా విడివడును, గమకమును చెదరదు. తోడి గాంధారము అచట పాము నడక వలె కనబడును.

స్వరమును తానే గుర్తించి గీత గీయు సాధనములకు తంబురా పెద్ద శత్రువు. గాయకుడు ఊపిరి తీసికొన్నంతలో గీత తంబురా షడ్జము మీదికి దుమికి కూర్చుండును. ఒక్కొక్కపుడు స్థాయి మొత్తము పైకో క్రిందికో ఎగురును. పరీక్షించు ముందే గాయకుని కంఠపు పై హద్దు, క్రింది హద్దు చెప్పి ఉంచిన ఈ బెడద తగ్గును.

ఇండ్లలో మిగిలియున్న పెద్దల పాటల క్యాసెట్లకు జరుగుచున్న నష్టము ఇంకను విచారకరము. ఆడాసిటీలో రొదను తగ్గించు సాధనము, రొద యనగా ఏదో చూపుమని మొదట నమూనా అడుగును. తంబురా మ్రోగుచున్న చోటును చూపినచో, ఎడతెగని ఆ నాదమే రొద యని ఎంచి పాట పొడుగునా తుడిచివేయును. గాత్రము నీటి అడుగునుండి వచ్చినట్లు వినబడును. అందుచేత మార్పు చేయని మూలప్రతిని ‘వేవ్’ రూపమున విడిగా దాచవలెను. 16 బిట్ల కొలతతో, ఒకే వరుసలో గంట పాటకు సుమారు 318 మెగాబైట్లు పట్టును. నేడు అది భారము కాదు. ఎంపీ3 రూపము పంచుకొనుటకు చాలును గాని, దాచుటకు తగదు. నేర్చుకొనుటకు పాటను నెమ్మది చేయునపుడు వేగమును మాత్రమే తగ్గించు ఆజ్ఞను వాడవలెను. శ్రుతితో కలిపి తగ్గించు ఆజ్ఞ వేరుగా ఉన్నది.

కొత్తగా ముద్రించువారు తంబురా మీటక పూర్వము నాలుగైదు సెకనుల గది నిశ్శబ్దమును, పిమ్మట తంబురాను మాత్రమే పది సెకనులును ముద్రించిన, మొదటిది రొదకు నమూనా అగును, రెండవది షడ్జము ఎన్ని కంపనములో చెప్పును.