ఎఱ్ఱనార్యుని శేషపూరణము

కవిత్రయములో నెఱ్ఱాప్రెగడకు లభించిన స్థానము విచిత్రమైనది. నన్నయ యాదికవి, తిక్కన కవిబ్రహ్మ, ఎఱ్ఱన యన్ననో, వారిరువురి నడుమ మిగిలిన కొఱఁతను బూడ్చినవాఁడు. ప్రబంధపరమేశ్వరుఁ డని కొనియాడుచునే పాఠశాలలలో మనము బాలురకు ముఖ్యముగాఁ జెప్పునది యీ పూడ్చుటయే. తనదియైన యొక మహాలక్ష్యము నేర్పఱచుకొనక పరుల పనికిఁ దోడుపడె నను చిన్నచూపు మన మాటలలో నంతర్వాహినిగా నున్నది. ఇది న్యాయమా యని విచారించుట యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

రూపకలక్షణము చెప్పినవారు కార్యమున కైదవస్థలను జెప్పిరి: ఆరంభము, ప్రయత్నము, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమము. రసస్వరూపమును జెప్పినవారు స్థాయిభావమును జెప్పిరి. సంచారిభావములు వచ్చుచుఁ బోవుచు నుండును, స్థాయి నిలుచును. మనుష్యజీవితమును గూడ నీ రెండు విధముల నడపవచ్చును. ఇంత ధనము, ఇట్టి పదవి, ఇన్ని గ్రంథములు అని ఫలమును ముందే నిర్ణయించుకొని దానికై జీవించుట యొకటి. ఏ పని యెదురైనను దాని నెల్ల నడపఁగల యొక భావమును బట్టి యుండుట రెండవది. మొదటిదానిలో ఫలాగమము తప్పెనా, నాటకమంతయుఁ జెడును. రెండవదానిలో నొక సంచారి తొలఁగినను రసభంగము లేదు.

ఎఱ్ఱన రచనలను వరుసగాఁ జూతము. నన్నయ యరణ్యపర్వము చతుర్థాశ్వాసములో శరద్రాత్రులను వర్ణించుచు నాఁగిపోయెను. తిక్కన విరాటపర్వము నుండి యారంభించెను. 14వ శతాబ్దమున నెఱ్ఱన యా శరత్తునే పట్టుకొని, రాత్రి వర్ణన విడిచినచోటఁ బ్రాతఃకాల వర్ణన నారంభించెను. అంతియ కాదు, మూఁడు వందల యేండ్లకుఁ బూర్వపువాఁడైన రాజరాజనరేంద్రునే సంబోధించి, యా శేషమును నన్నయ రచనయే యన్నట్లు నడిపెను. అద్దంకి నేలుచుండిన ప్రోలయ వేమారెడ్డి తన ప్రభువై యుండఁగా నిట్లు చేయుట సామాన్యమైన నిగ్రహము కాదు. ఆ వేమారెడ్డికిఁ గృతి యిచ్చిన హరివంశము మాత్ర మేమి? అది భారతమునకు ఖిలము; అనఁగా నదియు శేషమే. నృసింహపురాణమును దాత కలలోఁ గనఁబడి ప్రేరేపింపఁగా రచించి యహోబలనాథున కర్పించితి నని కవియే చెప్పుకొనెను. ఇదియుఁ బెద్దల కోరికను జెల్లించుటయే.

ఇట్లు చూచినచోఁ బూరణ మాయనకు దైవికముగాఁ దటస్థించిన యొక పని కాదు. పనులనెల్లఁ గూర్చిన సూత్రము. ఆయన రామాయణమును గూడ రచించెను. అది మనకు దక్కలేదు. రామాయణకర్త యనిపించుకొనుటయే యాయన జీవితఫల మైయున్నయెడల నేఁడు మన మాయనను విఫలుఁ డనవలసి యుండును. అట్లు మన మనుట లేదు. ఒక కావ్యము నశించినను, కావ్యములను నడపిన భావము తక్కినవానిలో నిలిచియున్నది.

దీని కొక యాక్షేపణము కలదు. పూరణము నా జీవితసూత్ర మని కవి యెచ్చటను జెప్పలేదు. రామాయణము దేనికి శేషము? ఈ ప్రశ్న సరియైనదే. రామాయణ మీ సూత్రమునకు లోఁబడ దని యొప్పుకొందును. కాని స్థాయిభావమునకును లక్ష్యమునకును భేద మిచ్చటనే తెలియును. లక్ష్య మన్నిటిని దన కొలఁదికిఁ దెచ్చును. స్థాయి తనకు లోఁబడనిదానికిఁ గూడఁ జోటిచ్చును.

అరణ్యపర్వశేషములోని ధర్మవ్యాధోపాఖ్యాన మీ భేదమునకే దృష్టాంతము. కౌశికుఁడు తపఃఫలమునకై తల్లిదండ్రులను విడిచెను, తపస్సు ఫలించెను, ఆ ఫలముతో నొక కొంగను భస్మము చేసెను. మిథిలలో మాంసము విక్రయించు వ్యాధుఁడు తల్లిదండ్రుల సేవయే తన ధర్మముగాఁ గొని, బ్రాహ్మణుని బోధింపఁదగినవాఁ డయ్యెను. కథ వ్యాసునిది, ఎఱ్ఱన యేరుకొన్నది కాదు. అయినను నన్నయ విడిచిన భాగమును దలకెత్తుకొన్న కవి చేతఁ బడుటచే నిది తెలుఁగున నిలిచినది.

కొండవీటి సీమలోఁ దరువాతి వాఁడైన శ్రీనాథునితోఁ బోల్చినచో విషయము స్పష్ట మగును. పెదకోమటి వేమారెడ్డి యాస్థానమున విద్యాధికారి పదవి, ప్రౌఢదేవరాయల సభలోఁ గనకాభిషేకము, కవిసార్వభౌమ బిరుదము: కోరఁదగిన ఫలములెల్ల నాయనకు లభించెను. కొండవీటి రాజ్య మస్తమింపఁగా నా ఫలములు కడవఱకుఁ దోడురాలే దని చాటువులు చెప్పుచున్నవి. అట్లని శ్రీనాథుని దక్కువ చేయుట నా తలఁపు గాదు. పదవి పోయినను కాశీఖండ, భీమఖండములలోని క్షేత్రభక్తి నిలిచినది. ఆయనకును స్థాయి కలదు. అదియే యాయనను నిలిపినది, కనకము గాదు.

గుంటూరు, ఒంగోలు సీమల నల్లరేగడిలోఁ బ్రత్తియు మిరపయుఁ బండించు కాఁపునకు శాస్త్రము చెప్పకయే యీ విషయము తెలియును. ప్రత్తి వేయఁదలఁచిన చేనికి వాన తప్పెనేని, వెనుకటి పదునున శనగ చల్లును. ప్రత్తి పోయినది, కృషి పోలేదు. మన విద్యార్థులకు మాత్రము మన మొక్క ప్రత్తినే చూపుచున్నాము. పరీక్షలో నింత, ఉద్యోగములో నింత యని ఫలమును గీచి యిచ్చి, అది తప్పిన బాలునికి శేషజీవితము శూన్య మన్నట్లు మాటాడుచున్నాము. అట్టి బాలునికి నెఱ్ఱన పాఠము చెప్పునపుడు ‘మిగిలినది వ్రాసినవాఁడు’ అని ముగించుట కవికి నన్యాయము. బాలునికి నంతకంటె నన్యాయము. మిగిలినదానిని సొంత మనుకొని ప్రేమతోఁ జేసినవాఁ డని చెప్పవలెను.

ఇందలి గుణదోషములను సహృదయులైన పండితులు విచారింతురు గాక.