ఆడవాళ్లెవరూ రాలేదా?

యూరాలజీ విభాగం ముందు బెంచీల మీద కూర్చునే పేషెంట్లలో ఎక్కువమంది మగవాళ్లే. పక్కన ఫైలు, సంచీ, నీళ్ల సీసా పట్టుకుని వాళ్ల భార్యలు. మూత్రాశయం క్యాన్సర్ ఆడవాళ్లకన్నా మగవాళ్లకు మూడు నాలుగు రెట్లు ఎక్కువగా వస్తుంది. చుట్టో బీడీనో సిగరెట్టో, ఆ పొగలోని విషాలు రక్తంలో కలిసి, కిడ్నీల్లో వడకట్టుకుని, మూత్రాశయంలోకి చేరి గంటల తరబడి అక్కడే నిలవుంటాయి మరి. మా ఇంట్లో లెక్క తిరగబడింది. పొగ ఎరగని మా ఆవిడ పేరు ఫైలు మీద. సంచీ నా భుజాన.

అందుకే నర్సమ్మలు నన్ను చూడగానే అడిగే మాట ఒకటే. "ఆడవాళ్లెవరూ రాలేదా అంకుల్?"

మొదట కనబడింది మూత్రంలో ఎర్రటి చార. నొప్పి లేదు, మంట లేదు, జ్వరం లేదు. నొప్పి లేని రక్తమే ఈ జబ్బుకు అసలు గుర్తు. మగవాడికి అలా కనబడితే స్కానింగుకు పంపుతారు. ఆడమనిషికైతే ముందు ఇన్ఫెక్షన్ అంటారు, ఆ తర్వాత గర్భసంచిని అనుమానిస్తారు. మా ఆవిడ యాంటీబయాటిక్ కోర్సు మీద కోర్సు మింగింది. రక్తం ఆగేది. అది దానంతటదే ఆగి, కొన్నాళ్లకు మళ్లీ కనబడే రకం. మేమేమో మందు పనిచేసిందనుకునేవాళ్లం. ఆడవాళ్లలో ఈ జబ్బు ఆలస్యంగా బయటపడడానికి ఇదొక ముఖ్య కారణమని తర్వాత తెలిసింది. వయసు మళ్లినవాళ్లకు నొప్పి లేకుండా ఒక్కసారి రక్తం కనబడినా సరే, స్కానింగు, కెమెరా పరీక్ష ఎప్పుడు చేస్తారని డాక్టరును నిలబెట్టి అడగాలి. మర్యాదకు పోయే చోటు కాదది.

వెన్నుకు మత్తిచ్చి, మూత్రం వచ్చే దారినే పరికరం పంపి, గడ్డను గీకి తీశారు. పొట్ట మీద కోత లేదు, కుట్టు లేదు. బయాప్సీలో చూసేది కండరం. జబ్బు మూత్రాశయపు కండరంలోకి దిగితే చాలామందికి సంచీ మొత్తం తీసేసి, పేగు ముక్కతో దారి కట్టి, పొట్ట మీద బ్యాగు పెడతారు. మా ఆవిడకు దిగలేదు. కానీ మళ్లీ మళ్లీ వచ్చే బుద్ధి ఉన్న జబ్బు కాబట్టి బీసీజీ పెట్టాలన్నారు.

బీసీజీ అంటే మన జబ్బల మీద మచ్చ మిగిల్చిన ఆ టీబీ టీకాయే. సంగతి చుట్టాలకు తెలియగానే మా మేనత్త ఫోను. "క్యాన్సరు చాలక టీబీ కూడానా నాయనా!" అని ఒకటే ఏడుపు. ఆవిడకు నచ్చజెప్పడానికి నేనే కూర్చుని చదవాల్సి వచ్చింది.

ఫ్రాన్సులో కాల్మెట్, గెరాన్ అని ఇద్దరు 1908లో పశువుల టీబీ క్రిమిని తీసుకుని, పశువు పైత్యరసం కలిపిన బంగాళదుంప ముక్కల మీద పెంచారు. పాత పెరుగులోంచి కాస్త తీసి కొత్త పాలకు తోడు పెట్టినట్టు, మూడేసి వారాలకోసారి కొత్త ముక్కల మీదికి మార్చుకుంటూ పోయారు. 13 ఏళ్లలో 230 సార్లు. చివరికి ఆ క్రిమికి ప్రాణం ఉంది కానీ కోర పోయింది. 1921లో తొలిసారి ఒక పసిబిడ్డకు ఇచ్చారు. మన దేశంలో 1948లో ఈ టీకాలు మొదలైనప్పుడు తొలి కేంద్రాల్లో మదనపల్లె ఒకటి. ఆ పక్కనే ఆరోగ్యవరం టీబీ శానిటోరియం ఉండేది కదా. ఈ టీకా మందునే తీసుకెళ్లి మూత్రాశయంలో పోస్తే గడ్డలు తిరిగి రావడం తగ్గుతోందని 1976లో కెనడాలో మొరాలెస్ అనే డాక్టరు తొమ్మిదిమంది పేషెంట్లతో చూపించాడు. వారానికొకటి చొప్పున ఆరు వారాలు అనే పద్ధతి ఆయనదే. ఆరే ఎందుకయ్యా అంటే, అప్పట్లో ఆ మందు పెట్టెకు ఆరు సీసాల చొప్పున వచ్చేదట! మా ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు. ఈ సంగతి విని పడీ పడీ నవ్వింది. "ప్రపంచమంతా పెట్టె సైజును బట్టి వైద్యం చేస్తోందన్నమాట" అంది.

ఇక అసలు పని. మందు పెట్టే రోజు పొద్దున నీళ్లు తగ్గించాలి, కాఫీ వద్దు. కాఫీ లేని మా ఆవిడ దగ్గర మసలడం దానంతటది ఒక విద్య. సన్నటి పైపు వేసి మందు లోపలికి పంపుతారు. ఆ రోజు మూత్రంలో రక్తం కనబడినా, పైపు లోపల గీరుకున్నా వాయిదా వేస్తారు. అది బతికున్న క్రిమి, నేరుగా రక్తంలోకి పోకూడదు. లోపల ఉన్నంతసేపూ మూత్రాశయపు గోడను రెచ్చగొడుతుంది. ఒంట్లోని రక్షణ కణాలు దాని మీదికి ఎగబడతాయి, ఆ గొడవలో క్యాన్సర్ కణాలూ దొరికిపోతాయి. అందుకని రెండు గంటలు మూత్రం ఆపుకోవాలి. పావుగంటకోసారి వెల్లకిలా, ఎడమకు, కుడికి, బోర్లా తిరగమంటారు. తిరగడం అంత అవసరం లేదనే డాక్టర్లూ ఉన్నారు. మా ఆవిడ లెక్క ప్రకారమే తిరుగుతుంది.

మాకు మందు పోయించుకుని ఇంటికి పొమ్మనేవారు. అంటే ఆ రెండు గంటల్లో ఆటో ప్రయాణం కూడా ఒక భాగం. ఆటోవాడికి ముందే చెప్పుకోవాలి, స్పీడు బ్రేకరు దగ్గర చచ్చినట్టు ఆగి ఎక్కించమని. ఒకతను "కడుపుతో ఉన్నారా?" అని అడిగి, మెల్లగా నడిపి, అద్దంలో మా ఆవిడ తెల్లజుట్టు చూసి నాలిక్కరుచుకున్నాడు.

ఇంటికి వచ్చాక పక్కన కూర్చుని ధైర్యం చెబుదామని మొదలుపెడితే, "ధైర్యం మాటలొద్దు. ఎదురింటివాళ్ల బోరు పడిందో లేదో చెప్పండి" అంది. అప్పటినుంచీ నేను వీధి విలేకరిని. ఎవరింట్లో ఎవరు అద్దెకు దిగారు, అపార్టుమెంటు మీటింగులో ఎవరు ఎవరిని తిట్టారు, అన్నీ ఆ రెండు గంటల కోసం పోగేసి ఉంచుతాను. గంటన్నర దాటాక కబుర్లు కూడా పనిచేయవు. పెదవి బిగుస్తుంది, కాలి బొటనవేళ్లు ముడుచుకుంటాయి. అప్పుడు నోరు మూసుకుని గడియారం ఆవిడకు కనబడేటట్టు పెట్టడమే.

తర్వాత ఆరు గంటలపాటు ఆవిడ బాత్రూముకు వెళ్లొచ్చినప్పుడల్లా కమోడులో రెండు కప్పుల బ్లీచింగ్ ద్రావణం పోసి, మూత వేసి, పావుగంట ఆగి నీళ్లు వదలాలి. ఇక్కడో మాట. టాయిలెట్లు కడిగే యాసిడ్‌ను దీంతో కలపొద్దు. క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరాడదు. మన ఇళ్లలో రెండూ ఒకే మూల పెడతారు కాబట్టి చెబుతున్నాను. మనవలుంటే ఆ రోజుకు వాళ్లకు వేరే బాత్రూము. ఆవిడకు మంట, పావుగంటకోసారి పరుగు, సాయంత్రానికి ఒళ్లునొప్పులు, చలి. ఒకటి రెండు రోజుల్లో తగ్గాలి. జ్వరం 101 దాటి దిగకపోతే ఆస్పత్రికి ఫోను చేయాలి.

డైపర్లకు మెడికల్ షాపుకు వెళితే, కుర్రాడు పేపరు చుట్టి, దాని మీద నల్ల కవరు వేసి, చుట్టూ చూసి చేతిలో పెట్టాడు. పారాసెటమాల్ అట్ట మాత్రం అలాగే ఇచ్చాడు.

పక్కన ఉండి చూసుకోవడం నాకు డాక్టర్లు నేర్పలేదు. నేర్పింది బెంచీల మీది ఆడవాళ్లు. కంకిపాడు వైపునుంచి ఒకావిడ వచ్చేది. భర్తకు పొట్ట మీద బ్యాగు. ఆవిడ సంచీలో ప్రతిదీ రెండేసి ఉండేవి, రెండు లుంగీలు, రెండు తువ్వాళ్లు, రెండు ప్లాస్టిక్ షీట్లు. క్యాంటీన్లో ఇడ్లీ ఎన్నింటికి అయిపోతుందో, రిపోర్టు ఏ కిటికీలో ముందు ఇస్తారో, బ్యాగు మూడో వంతు నిండగానే ఎందుకు ఖాళీ చేయాలో ఆవిడకు నోటికి వచ్చు. నేను మా ఆవిడను మాటిమాటికీ "నొప్పిగా ఉందా?" అని అడుగుతుంటే చూసి, పక్కకు పిలిచింది. "అట్టా అడక్కండి బాబాయిగారూ. ఉందంటే మీరేం చేస్తారు? పాపం మీ మొహం చూసి ఆవిడ లేదంటది. మంచినీళ్లు కావాలా, దిండు ఎత్తు చేయనా అని అడగండి. దానికైతే నిజం చెబుతారు."

ఆ కంకిపాడావిడను ఎవరూ మెచ్చుకోగా నేను వినలేదు. భార్య అన్నాక చేయదా అంటారు. నేను మాత్రం ఉప్మా చేసి డబ్బాలో పెట్టుకెళ్లినందుకు వార్డంతా నన్ను దేవుణ్ణి చేసింది. "మీ ఆవిడ పెట్టి పుట్టింది సార్" అని చెప్పినవాళ్లకు లెక్కలేదు. ముప్పై ఏళ్లపాటు బడికి పోయేముందు నాకు క్యారియరు కట్టిన మనిషి పక్కనే మంచం మీద పడుకుని ఇది వింటూ ఉంటుంది. నాకు ఒళ్లు మండేది. ఆవిడ మాత్రం "అననివ్వండి, కాస్త ఉప్పు తగ్గిందని నేను చెప్పలేదుగా" అనేది.

ఆపరేషనయిన రాత్రి ఆడవాళ్ల వార్డులో నన్ను ఉండనివ్వలేదు. మిగతా మంచాల మీది ఆడవాళ్ల ఇబ్బంది నాకు అర్థమవుతుంది. కానీ పిల్లలు దూరాన ఉన్నవాళ్ల సంగతి? తోడబుట్టినవాళ్లూ ముసలివాళ్లయిపోయినవాళ్ల సంగతి? మంచానికో పరదా, పరదా లోపల ఒక కుర్చీ ఉంటే సరిపోయే విషయం. పైపులో రక్తపు గడ్డ అడ్డుపడిందా అని చూడడానికి ఆడకళ్లే అక్కరలేదు. ఆ రాత్రి పక్క మంచం పేషెంటు కూతురు మా ఆవిడ మూత్రం బ్యాగు కూడా చూసుకుంది. నేను వరండాలో దోమలు కొట్టుకున్నాను.

ఇప్పుడు మా క్యాలెండరులో నెలల్లేవు. మూడు నెలలకో కెమెరా పరీక్ష, మధ్యలో మూడు వారాల చొప్పున మళ్లీ బీసీజీ. పరీక్షకు ముందు వారం ఇద్దరికీ నిద్ర పట్టదు, ఒకరికొకరం నిద్రపోతున్నట్టు కనబడతాం. బాగుందని చెప్పిన రోజు హోటల్లో మసాలా దోసె. మంట పుడుతుందని తెలిసీ తింటుంది. నేను ఆపను.

వచ్చే విడత ఏప్రిల్లో పడింది, సరిగ్గా ఆవకాయ రోజుల్లో. డాక్టరుగారితో ఆవిడే మాట్లాడుకుని ఒక వారం వెనక్కు జరిపించుకుంది. కాయలు కొట్టించుకురావడం, జీడి తీయడం, లోపలి పొర గీకి ముక్కల్ని గుడ్డతో తుడవడం నా వంతు. కారం, ఆవపిండి, ఉప్పు పాళ్లు మాత్రం ఎంత అడిగినా చెప్పడం లేదు. చెబితే తనను కుర్చీలో కూర్చోబెట్టి నేనే కలిపేస్తానని ఆవిడ అనుమానం.