‘అంకుర్’ చిత్రంలో అపరాధభావం, భయం, హింస: మనోవైజ్ఞానిక, నైతిక పరిశీలన

వ్యాససంగ్రహం: తప్పు చేసినవాణ్ణి అతని అంతరాత్మే పశ్చాత్తాపం వైపు నడిపిస్తుందన్నది మన కథాసంప్రదాయంలో లోతుగా పాతుకుపోయిన విశ్వాసం. హైదరాబాదు ఉత్తర శివారులో జన్మించిన శ్యామ్ బెనెగల్ తొలి కథాచిత్రం ‘అంకుర్’ (1974) ఈ విశ్వాసాన్ని ఏ విధంగా ప్రశ్నించిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: అంకుర్, శ్యామ్ బెనెగల్, అపరాధభావం, ప్రక్షేపణం, భూస్వామ్యం, మేడ్చల్, శామీర్‌పేట.

ఉపోద్ఘాతం

సికింద్రాబాదు నుండి ఉత్తరానికి సాగే ప్రధానమైన దారులు రెండు. ఒకటి బోయినపల్లి, కొంపల్లి మీదుగా మేడ్చల్‌కు, రెండవది తిరుమలగిరి, అల్వాల్, బొల్లారం, హకీంపేట, తూంకుంట మీదుగా శామీర్‌పేటకు చేరుతాయి. ఈ రెండవ దారి మొదట్లో ఉన్న తిరుమలగిరిలో 1934లో శ్యామ్ బెనెగల్ జన్మించారు. తండ్రి శ్రీధర్ బెనెగల్ ఛాయాచిత్రకారుడు. కంటోన్మెంటు ముగిసి పల్లెపొలాలు మొదలయ్యే ఆ సరిహద్దు అనుభవమే ‘అంకుర్’కు నేల. హైదరాబాదు ప్రాంతంలో జరిగిన ఒక వాస్తవ సంఘటనను బెనెగల్ విద్యార్థిదశలోనే కథగా రాసుకున్నారు. అది తెరకెక్కడానికి చాలా ఏళ్లు పట్టింది. 1974వ సంవత్సరపు జాతీయ పురస్కారాలలో ఉత్తమ నటిగా షబానా ఆజ్మీ, ఉత్తమ నటుడిగా సాధు మెహర్ ఎంపికయ్యారు. పురస్కారాలు భూస్వామి పాత్రధారికి కాక పాలేరు దంపతుల పాత్రధారులకు దక్కాయి. అయితే చిత్రంలోని నైతిక సమస్య మొత్తం అనంత్ నాగ్ పోషించిన భూస్వామి కొడుకు సూర్య మనస్సులోనే నడుస్తుంది.

ఆధునికుడైన వారసుడు

నగరంలో చదువు ముగించిన సూర్యకు తండ్రి బాల్యవివాహం జరిపించి, భార్య కాపురానికి వచ్చేలోగా పొలాలు చూసుకొమ్మని పల్లెకు పంపుతాడు. పొలం మధ్యనున్న ఇంట్లో పనిచేసే లక్ష్మి, ఆమె భర్త కిష్టయ్య అక్కడే ఉంటారు. కిష్టయ్య కుమ్మరి, బధిరుడు, మూగవాడు. అల్యూమినియం పాత్రలు వచ్చి కుండలకు గిరాకీ పడిపోగా అప్పులపాలై తాగుడుకు అలవాటు పడినవాడు. సూర్య తనకు కులపట్టింపు లేదంటాడు. లక్ష్మి చేతి టీ తాగుతాడు, వంట కూడా ఆమెనే చేయమంటాడు. ఇది ఊరి పూజారికి కంటగింపవుతుంది. ఇంతవరకు ప్రేక్షకుడు సూర్య పక్షమే. బెనెగల్ కావాలనే ఆ సానుభూతిని కలిగించారు.

సూర్య సంస్కారం బూటకం కాదు, అది నిజమైనదే. కానీ దానికి అతడు చెల్లించవలసిన మూల్యం ఏదీ లేదు. కల్లు దొంగిలించిన కిష్టయ్యకు గుండు గీయించి గాడిదపై ఊరేగించే సందర్భంలో ఆ సంస్కారం అడ్డుపడదు. అవమానంతో కిష్టయ్య ఊరు విడిచిపోతాడు. లక్ష్మితో సంబంధం కొనసాగుతుంది, ఆమెను ఎప్పటికీ చూసుకుంటానని సూర్య మాట ఇస్తాడు. ఆమె గర్భవతి కాగానే ఆ మాట కరిగిపోతుంది.

ఇక్కడ తండ్రితో పోలిక అనివార్యం. తండ్రికి కౌసల్య అనే ఉంపుడుగత్తె, ఆమెకు ఒక కొడుకు ఉన్నారు. వారికి తండ్రి మంచి భూమి రాసియిచ్చాడు. ఆ అన్యాయాన్ని చూసి రగిలిన సూర్య కౌసల్య పొలానికి నీరు ఆపుతాడు. మరి తాను అదే పని చేసినప్పుడు లక్ష్మికి ఏమిచ్చాడు? గర్భస్రావం చేయించుకొమ్మన్న సలహా, చివరకు పిడికెడు బియ్యం దొంగిలించిందని పని నుండి తొలగింపు. పాత భూస్వామిలో వంకరగానైనా ఒక బాధ్యత ఉంది. చదువుకున్న కొడుకులో ఉన్నది సిగ్గు మాత్రమే. సిగ్గు బాధ్యతగా మారకపోతే ఏమవుతుందో చిత్రం చివరి ఘట్టం చూపుతుంది.

కర్రతో వచ్చినవాడు

కిష్టయ్య కొంత డబ్బు సంపాదించి తిరిగివస్తాడు. భార్య గర్భవతి అని తెలిసి సంతోషిస్తాడు, బిడ్డ తనదేనని నమ్మి గ్రామదేవతకు మొక్కు చెల్లిస్తాడు. మళ్లీ బండి తోలే పని అడుగుదామని కర్ర పట్టుకొని సూర్య ఇంటివైపు నడుస్తాడు. దూరం నుండి చూసిన సూర్యకు ఆ కర్ర ప్రతీకారంగా కనిపిస్తుంది. మనుషులచేత పట్టించి, నోరులేని మనిషిని తానే కొడతాడు.

గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకున్నవాణ్ణి చూసి మన సామెత నవ్వుతుంది. ఆ తడుముకునే చేతిలో కొరడా ఉంటే నవ్వుకు చోటుండదు. తనలోని దానిని ఎదుటివానిలో చూడడాన్ని ఫ్రాయిడ్ ప్రక్షేపణం అన్నాడు. సూర్య కిష్టయ్యలో చూసినది తాను తనకు విధించుకోవలసిన శిక్షనే. లియాన్ ఫెస్టింజర్ 1957లో ప్రతిపాదించిన సంజ్ఞానాత్మక వైరుధ్య సిద్ధాంతం దీనికి మరో కోణం ఇస్తుంది. దాని ఆధారంగా 1960లో కీత్ డేవిస్, ఎడ్వర్డ్ జోన్స్ జరిపిన ప్రయోగంలో, ఇష్టపూర్వకంగా ఒకరిని నొప్పించి, వారికి సంజాయిషీ చెప్పుకునే అవకాశం లేనివారు ఆ బాధితుణ్ణే మునుపటికంటే తక్కువగా అంచనా వేశారు. సంజాయిషీకి దారి లేకపోవడమన్నది ఇక్కడ కీలకం. భూస్వామి పాలేరుకు క్షమాపణ చెప్పే భాష ఆ సమాజంలో లేదు. కిష్టయ్యకు చెవులు వినిపించి ఉన్నా సూర్య చెప్పగలిగినది ఏమీ ఉండేది కాదు.

ఇటీవలి ‘బలగం’ (2023)తో పోల్చితే ఈ విషయం స్పష్టపడుతుంది. అందులో పిట్ట ముట్టని పిండం ముందు కుటుంబం తమ తప్పులను ఒప్పుకొని కలిసిపోతుంది. అక్కడ పశ్చాత్తాపం ఫలించడానికి కారణం అందరూ ఒకే పేగు, ఒకే వరుస కావడం. ఎవరు ఎవరిముందు తలవంచినా పరువు ఇంట్లోనే ఉంటుంది. ‘అంకుర్’లో అటువంటి సమత లేదు. కనుక అపరాధభావం కరిగి కన్నీరు కాలేదు, గడ్డకట్టి భయమైంది.

ఊరి బయటి ఇల్లు

సూర్య నివసించేది ఊరి నడుమ గడీ కాదు, పొలంలోని ఇల్లు. అక్కడ తండ్రి లేడు, తల్లి లేదు, నలుగురి కన్ను తక్కువ. రాజమ్మ ఉపకథ దీనికి ప్రతిరూపం. భర్తను విడిచి అన్యకులస్థునితో ఉన్న ఆమెను ఊరంతా కూర్చొని విచారిస్తుంది, ఆమె ప్రాణం తీసుకుంటుంది. అదే ఊరు సూర్య ఇంటి విషయంలో గుసగుసలతో సరిపెట్టుకుంటుంది. నేడు మేడ్చల్, శామీర్‌పేట పరిసరాలలో ప్రహరీల వెనుక వెలసిన ఫార్మ్‌హౌస్‌లకు కాపలాగా ఉండే దంపతుల జీవితం ఈ చిత్రం చూసినవారికి గుర్తుకు రాకమానదు. యజమాని వారాంతంలో వస్తాడు, గేటు మూసుకుంటుంది. గడీ పోయినా ఆ ఏకాంతం పోలేదు.

చిత్రానికి ఒక పరిమితి ఉంది. తెలంగాణ పల్లెలో లక్ష్మి వంటి స్త్రీ నోట దక్కనీ పలికించడం హిందీ ప్రేక్షకుల కోసం చేసిన సర్దుబాటు. తెలుగు చెవికి అది ప్రతి సన్నివేశంలోనూ కొంత ఎడంగానే వినిపిస్తుంది. విచిత్రమేమిటంటే, అనువాదం కాకుండా మిగిలిన పాత్ర మాటలేని కిష్టయ్య ఒక్కడే.

దెబ్బల నుండి భర్తను కాపాడబోయి లక్ష్మి సూర్యను శపించినప్పుడు అతడు లోపలికి పోయి తలుపు వెనుక నిలబడి ఏడుస్తాడు. తాను కొట్టినది నిరపరాధినని అతనికి తెలుసు. అయినా తలుపు తెరవడు. బయట ఒక చిన్నపిల్లవాడు రాయి విసిరి కిటికీ అద్దం పగులగొట్టి పారిపోతాడు, తెర ఎర్రబడుతుంది. ఆ రాయిని రాబోయే తిరుగుబాటుకు సంకేతంగా చదవడం పరిపాటి. లోపలివైపు నుండి చూస్తే, సూర్య ఇంతవరకు కిష్టయ్య చేతిలో ఊహించుకొని భయపడిన దెబ్బ నిజంగా వచ్చి తగిలిన క్షణం కూడా అదే. అది కిష్టయ్య నుండి రాలేదు, అతడు ఎన్నడూ లెక్కలోకి తీసుకోని చేతినుండి వచ్చింది.