మీటరును నమ్మేముందు లెక్క చూడండి

రసాయన కర్మాగారాన్ని నేల మీద కట్టేముందు కాగితం మీద కడతారు. ఏ పదార్థం ఎంత లోపలికి వస్తుంది, ఎంత బయటికి పోతుంది, ఎక్కడ వేడి చేయాలి, ఎక్కడ చల్లార్చాలి అన్నవన్నీ ముందే లెక్కగడతారు. ఈ విద్యను మొదటి నుంచి నేర్పే పుస్తకాల్లో ఆర్.కె. సినట్ రాసిన 'కెమికల్ ఇంజనీరింగ్ డిజైన్' పేరు పొందినది. కౌల్సన్, రిచర్డ్‌సన్‌ల పాఠ్యగ్రంథ శ్రేణిలో 6వ సంపుటంగా ఇది 1983లో తొలిసారి వెలువడింది.

పుస్తకం నడిచే వరుస బాగుంది. మొదట పదార్థాల జమాఖర్చు, తర్వాత శక్తి లెక్క, ఆపైన ఫ్లోషీటు, అటుపైన గొట్టాలూ మీటర్లూ. మీటర్లను వలయాల్లో అక్షరాలతో సూచిస్తారు. ఇక్కడ ఎల్.ఐ.సి. అంటే జీవిత బీమా కాదు. ద్రవమట్టాన్ని చూపుతూ అదుపు చేసే పరికరం.

అయితే ఒక లోటు చెప్పక తప్పదు. జమాఖర్చు ఒక అధ్యాయం, మీటర్లు మరొక అధ్యాయం. రెంటినీ కలిపి ఆలోచించే పని చాలావరకు విద్యార్థికే వదిలేశారు. అది చిన్న విషయం కాదు.

2005 మార్చి 23న అమెరికాలోని టెక్సాస్ సిటీ చమురు శుద్ధి కర్మాగారంలో సుమారు 170 అడుగుల స్తంభంలోకి మూడు గంటలపాటు ద్రవం పోశారు, బయటికి తీయలేదు. మట్టం 158 అడుగులకు చేరినా మీటరు 8 అడుగుల లోపే చూపింది. ఎందుకు? ఆ మీటరులోని కడ్డీ ద్రవంలో మునిగినప్పుడు ఎంత బరువు కోల్పోయిందో చూసి మట్టం చెబుతుంది, ఆర్కిమిడీస్ సూత్రమే. కడ్డీ పూర్తిగా మునిగాక మట్టం ఎంత పెరిగినా దానికి తెలియదు. పైగా ద్రవం వేడెక్కి సాంద్రత తగ్గేసరికి, మట్టం తగ్గుతున్నట్టే చూపింది. చివరికి ద్రవం పొంగి బయటపడి, దాని ఆవిరి అంటుకుని పేలింది. 15 మంది చనిపోయారు, 180 మంది గాయపడ్డారు.

లోపలికి వచ్చినదాంట్లోంచి బయటికి పోయినదాన్ని తీసేస్తే ప్రమాదం ముందే తెలిసేది. కాని కంట్రోల్ రూములో ఆ రెండు అంకెలూ వేర్వేరు తెరల మీద ఉన్నాయి, మన పుస్తకంలో వేర్వేరు అధ్యాయాల్లో ఉన్నట్టే!

కాబట్టి ఈ పుస్తకాన్ని తప్పక చదవండి. గీతల్లో మీటరు గుర్తు కనిపించిన ప్రతిచోటా రెండు ప్రశ్నలు వేసుకోండి: ఇది నిజంగా కొలుస్తున్నది దేన్ని? ఇది తప్పు చెబితే నాకు ఎలా తెలుస్తుంది? ఇంటి మీది వెయ్యి లీటర్ల ట్యాంకుకు సెకనుకు ఒక లీటరు చొప్పున మోటారు గంటసేపు నీళ్ళు ఎక్కించింది, కొళాయిలన్నీ కట్టేసి ఉన్నాయి. అయినా మీటరు 'సగం' అంటోంది. మీరైతే మీటరును నమ్ముతారా, మేడెక్కి చూస్తారా?